సెటిల్ అయినట్టు ఎవరు రాస్తారు?

పెళ్ళి సంబంధాల బయోడేటాలో ‘వెల్ సెటిల్డ్’ అని రాస్తే ఫోన్లు వస్తాయి. మన అప్పుల చరిత్ర రాసి ఉండే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే అప్పు పుట్టదు. హైదరాబాద్‌లో ముప్పై దగ్గరపడ్డ కుర్రాడికి ఈ రెండు కాగితాలూ ఒకే వారంలో అవసరం పడొచ్చు. మొదటిది పిల్లనిచ్చేవాళ్ళ కోసం, రెండోది వాళ్ళు కొనమన్న ఫ్లాట్ కోసం.

సిబిల్ సంగతి ఎరగనివాళ్ళు అదృష్టవంతులు. క్రెడిట్ కార్డు మీద లక్షన్నర బాకీ పేరుకుపోయి కట్టలేని పరిస్థితి వచ్చిందనుకోండి. కొన్నాళ్ళు బెదిరించాక, రికవరీ మనిషి ఒకరోజు మెత్తగా ఫోన్ చేసి, ‘సార్, డెబ్భై వేలు కట్టేయండి, ఇక్కడితో అయిపోగొడదాం’ అంటాడు. కట్టేస్తాం. పీడ వదిలిందనుకుంటాం. కానీ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని పడాల్సిన చోట ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఇవ్వాల్సినంతా ఇవ్వలేదు, ఎంతో కొంత ఇచ్చి బయటపడ్డాడు అని దాని అర్థం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఏ బ్యాంకుకి లోన్ కోసం వెళ్ళినా ఆ ఒక్క మాట అడ్డం పడుతూనే ఉంటుంది.

అదే మాట ఇంట్లో వరం, బ్యాంకులో శాపం ఎలా అయింది? ఇంగ్లీషు మాటలకు అర్థాలు బోలెడు, అందులో వింతేముంది అని వదిలేయొచ్చు. నాకు మాత్రం బ్యాంకు వాడే అర్థమే నిజాయితీగా ఉన్నట్టు కనిపిస్తుంది. సెటిల్ అవడం మనిషికి జరిగే మార్పు అని మన ఇళ్ళల్లో అనుకుంటాం. జ్వరం తగ్గినట్టు, ఒకరోజు కుర్రాడు సెటిల్ అయిపోతాడని. జరిగేది మాత్రం ఎవరో ఒకరి లెక్కల పుస్తకంలో. ఆ పుస్తకం మనది కాదు, రాసే చెయ్యి మనది కాదు. సిబిల్ ఆ విషయం దాచదు. పిన్నులూ బాబాయిలూ దాస్తారు, అది కూడా ప్రేమగా.

ఇళ్ళల్లో వాడుక చూడండి. మగపిల్లాడు సెటిల్ ‘అవుతాడు’. ఆడపిల్లని సెటిల్ ‘చేస్తారు’. మాదాపూర్‌లో టీమ్ లీడ్‌గా పనిచేస్తూ, తన జీతంతో తమ్ముడి ఫీజులు కట్టి, ఇంటి అప్పులో సగం తీర్చిన అమ్మాయి గురించి కూడా తండ్రి ‘దీన్ని ఒకటి సెటిల్ చేసేస్తే నా బాధ్యత తీరిపోద్ది’ అంటాడు. ఆ ఇంటిని నిలబెట్టింది ఆమే అయినా వాక్యంలో ఆమె కర్మ, కర్త ఆయన. అదే తండ్రి కొడుకు గురించి మాట్లాడేటప్పుడు ‘వాడు సెటిల్ అవ్వాలండీ ముందు’ అంటాడు. వాడు అవ్వాలి, ఈమెని చెయ్యాలి. మగపిల్లాడి విషయంలో ‘చేశారు’ అంటే అందులో చురక ఉంటుంది. ‘వాళ్ళ నాన్న కాంట్రాక్టర్ కదా, సెటిల్ చేశాడు’ అన్నామంటే కుర్రాడి గొప్పేమీ లేదని చెప్పినట్టే.

గుంటూరు వైపు నుంచి వచ్చిన మా ఇంట్లో ‘అబ్బాయి సెటిల్ అయ్యాడా?’ అంటారు. మా పై ఫ్లాట్‌లో ఉండే వరంగల్ ఆంటీ ‘పిల్లగాడు సెటిల్ అయిండా?’ అంటుంది. ప్రాంతాల మధ్య ఇంత ఏకాభిప్రాయం ఇంకే విషయంలోనూ నేను చూడలేదు.

ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ ‘అయ్యాడు’ కాదు, అదీ దీని ప్రత్యేకత. ఉద్యోగం వస్తే ‘పర్మనెంటేనా?’ అంటారు. పర్మనెంటు అయితే ‘సొంతిల్లు?’ అంటారు. ఇల్లు కొంటే పెళ్ళి, పెళ్ళయితే పిల్లలు, పిల్లలు పుడితే వాళ్ళకు మంచి స్కూల్లో సీటు. నార్సింగి, కొల్లూరు, తెల్లాపూర్ వైపు వెళ్తే ‘ఇంకా పూర్తిగా సెటిల్ కాలేదండీ, విల్లా బుక్ చేశాం, పొజెషన్ రాలేదు’ అనేవాళ్ళు కోకొల్లలు. జుట్టు నెరిసినవాళ్ళూ అందులో ఉన్నారు.

ఈ నిచ్చెనలో అన్నిటికంటే పై మెట్టు అమెరికా. ‘అమెరికాలో సెటిల్ అయ్యాడు’ అంటే ఇంక మారు ప్రశ్న ఉండదు. కానీ అక్కడి చట్టం దగ్గర ఉన్న పుస్తకం తిరగేస్తే కథ వేరు. హెచ్1బి వీసా మీద ఉన్నవాణ్ణి అమెరికా పిలిచే పేరే ‘నాన్-ఇమిగ్రెంట్’. వలస వచ్చినవాడు కూడా కాదు, పని మీద వచ్చినవాడు. ఆ వీసా మొదట 3 ఏళ్ళు ఇస్తారు, మామూలుగా 6 ఏళ్ళకు మించదు. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తూ ఉంటే పొడిగిస్తూ పోతారు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోడానికి 60 రోజుల గడువు. ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళకు ఏడాదిలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో 7 శాతానికి మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ళ క్యూ దశాబ్దాలకు సాగింది. డాలస్‌లో ఇల్లు కొని, లాన్ కత్తిరించి, పిల్లల్ని కూచిపూడి క్లాసులకు తిప్పుతూ ఉన్న మనిషి అక్కడి రికార్డుల్లో తాత్కాలికం. ఇక్కడ కూకట్‌పల్లిలో వాళ్ళమ్మ దగ్గర మాత్రం వాడు వెల్ సెటిల్డ్. ఏ పుస్తకం నిజం? వాడికి రాత్రి నిద్ర పట్టనిది ఏ పుస్తకం వల్లో ఆలోచిస్తే తెలుస్తుంది.

బ్రిటన్ వాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు, ఆ మాటనే చట్టంలో పెట్టేసుకున్నారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేటప్పుడు, అప్పటికే అక్కడ ఉంటున్న యూరప్ దేశాలవాళ్ళ కోసం 2019లో ఒక పథకం పెట్టి 5 ఏళ్ళు వరసగా ఉన్నవాళ్ళకు ‘సెటిల్డ్ స్టేటస్’ ఇచ్చారు. అంతకంటే తక్కువ కాలం ఉన్నవాళ్ళకు ఇచ్చింది ‘ప్రీ-సెటిల్డ్’. మన పెళ్ళిళ్ళ బ్యూరోలకు ఈ రెండో మాట ఇంకా తెలిసినట్టు లేదు. తెలిస్తే అందులోనే సగం బయోడేటాలు ఇమిడిపోతాయి.

సొంత ఫ్లాట్ సంగతి కూడా ఇలాంటిదే. ఇరవై ఏళ్ళ ఈఎంఐ, దస్తావేజులు బ్యాంకు లాకర్లో, తాళం చెవి మన దగ్గర. దీన్నే ‘హైదరాబాద్‌లో సెటిల్ అయ్యాం’ అంటాం. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక నగరంలో సగం మంది ఎఫ్‌టిఎల్ అన్న మాట మొదటిసారి విన్నారు. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అది ఫుల్ ట్యాంక్ లెవెల్, దాని అవతల ఇంకొంత బఫర్ జోన్. రిజిస్ట్రేషన్ అయింది, పర్మిషన్ ఉందన్నారు, బ్యాంకు లోన్ ఇచ్చింది, కరెంటు మీటరు బిగించారు. అన్ని పుస్తకాల్లోనూ సెటిల్డ్, చెరువు మ్యాపులో తప్ప. (చెరువు పూడ్చిన మట్టి మీద కట్టిన బిల్డింగు కొన్నేళ్ళకు కుంగి గోడలు బీటలు వారితే ఇంజనీర్లు దాన్ని కూడా ‘సెటిల్మెంట్’ అనే అంటారు. వాళ్ళ భాషలో అది లోపం పేరు.)

ఇంగ్లీషులో ఈ మాట పుట్టింది కూర్చునే చోటు నుంచి. పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అంటే ఆసనం. వెనక ఎత్తుగా చెక్క ఉండే పాతకాలపు బెంచీని ఇప్పటికీ సెటిల్ అంటారు. సిట్, సీట్, గుర్రం మీద వేసే శాడిల్ దీని చుట్టాలు. ఇంకా వెనక్కి పోతే మన సదనం, సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు కూడా ఆ వంశమే, అన్నిటిలోనూ ఉన్నది కూర్చోవడమే. అక్కడి నుంచి మాట పాకింది: దుమ్ము సెటిల్ అవుతుంది, తగువు సెటిల్ అవుతుంది, హోటల్ బిల్లు సెటిల్ అవుతుంది, బ్యాట్స్‌మన్ క్రీజులో సెటిల్ అవుతాడు. చివరిదానికి మన పేపర్ల స్పోర్ట్స్ పేజీవాళ్ళు ‘కుదురుకున్నాడు’ అని చక్కటి మాట రాస్తారు. అన్నిట్లో కదులుతున్నదేదో కదలడం ఆపింది.

అయితే కూర్చోవడం వేరు, కూర్చోబెట్టడం వేరు. తెలుగువాళ్ళకు ఈ మాట మొదట పరిచయమైంది రెండో అర్థంలోనే. ఉద్యోగం, పెళ్ళి గొడవలు తర్వాత వచ్చాయి, ముందు వచ్చింది శిస్తు. 1793లో కారన్‌వాలిస్ బెంగాల్లో పెట్టిన పర్మనెంట్ సెటిల్మెంట్‌ని 1802లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా వైపుకు తెచ్చింది. జమీందారు ఈస్టిండియా కంపెనీకి ఏటా ఇంత కట్టాలని శాశ్వతంగా తేల్చేశారు. తేల్చింది కంపెనీ, ఒప్పుకున్నది జమీందారు. కిందనున్న రైతు దగ్గర ఎంత పిండాలన్నది మాత్రం ఎవరూ శాశ్వతంగా తేల్చలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చేదాకా అదే నడిచింది. ఇప్పటికీ కోస్తా జిల్లాల్లో పొలం కాగితాల కోసం తిరిగినవాళ్ళకు ‘సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్’ అన్న మాట తెలుసు. పొలం తాతది అయినా ప్రభుత్వ పుస్తకంలో ఏమని సెటిల్ అయిందో అదే లెక్క.

భూమినే కాదు, మనుషుల్ని కూడా అలా సెటిల్ చేశారు. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలకు కులాల్నే పుట్టుకతో నేరస్తులని ముద్ర వేసింది. ఆ చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో పెట్టిన సెటిల్మెంట్లలో మనకు బాగా తెలిసింది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాల్ని అక్కడికి చేర్చి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. తిరుగుతూ ఉప్పూ గింజలూ మోసి బతికినవాళ్ళని ఒకచోట కట్టేయడానికి పెట్టిన పేరు సెటిల్మెంట్. 1952లో ఆ చట్టం పోయింది. పేరు మీద పడ్డ మచ్చ అంత తొందరగా పోలేదు. ‘కుర్రాడు తిరుగుబోతుగా ఉన్నాడు, ఒకచోట సెటిల్ చెయ్యాలి’ అని పెద్దలు అంటున్నప్పుడు నాకు అనవసరంగా ఈ చట్టం గుర్తొస్తుంది. పోలిక పెద్దదే. కానీ తిరిగేవాడి మీద కూర్చున్నవాడికి ఉండే అనుమానం రెండింట్లోనూ ఒకటే.

ఇక హైదరాబాద్ సొంతంగా కనిపెట్టుకున్న అర్థం ఒకటుంది. ‘ఆయన ఏం చేస్తుంటాడు?’ ‘సెటిల్మెంట్లు.’ ఈ జవాబు విన్నవాళ్ళెవరూ రెండో ప్రశ్న వేయరు. నగరం చుట్టూ భూముల ధరలకు రెక్కలొచ్చాక ఇది ఒక వృత్తి అయింది. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్ముతారు, కోర్టుకెళ్తే పదేళ్ళు పడుతుంది, సెటిల్మెంట్ బ్యాచ్ దగ్గరకెళ్తే పది రోజులు. తెల్ల చొక్కా, రెండు బళ్ళు, ఒక గెస్ట్‌హౌస్. ‘నువ్వింత తీసుకో, నువ్వింత వదులుకో, నాకింత’ అని లెక్క కట్టేస్తారు. అక్కడ సెటిల్ అయ్యేది భూమి, వణికేది మనిషి. సివిల్ తగాదాల్లో పోలీసులు సెటిల్మెంట్లు చేస్తున్నారన్న వార్త కూడా కొత్తేమీ కాదు. న్యాయమైన దారి కూడా ఉంది, లోక్ అదాలత్. ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని కోర్టు గోడల మీద రాసి ఉంటుంది. విచిత్రం ఏంటంటే కోర్టు చేయించేదానికి మనం ‘రాజీ’ అంటాం, రౌడీ చేయించేదానికి ‘సెటిల్మెంట్’ అంటాం. ఎవరు నేర్పారో గానీ ఈ తేడా జనం భలే పట్టుకున్నారు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న సెటిల్మెంట్ పెద్దమనిషిలా కనిపిస్తుంది. 1899 స్టాంపు చట్టంలో సెటిల్మెంట్‌కి నిర్వచనం ఉంది: వీలునామా కాకుండా, రాతపూర్వకంగా ఆస్తి ఇవ్వడం. ఎందుకోసం అన్నదాంట్లో మొట్టమొదట రాసింది ‘పెళ్ళి నిమిత్తం’, ఆ తర్వాతే కుటుంబంలో పంపకం, దానధర్మాలు. మన డాక్యుమెంట్ రైటర్లు దీన్నే ‘దాన సెటిల్మెంటు దస్తావేజు’ అని రాస్తారు. కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరం రాసినా ఇదే, కొడుకు పేరున ఫ్లాట్ పెట్టినా ఇదే. దీని ముగింపు కూడా అందరికీ తెలిసిందే. ఆస్తి రాసిచ్చిన పెద్దవాళ్ళు అన్నం కోసం ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కుతున్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ పెట్టింది ఇందుకే: చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. పిల్లల్ని సెటిల్ చేసి తల్లిదండ్రులు అన్‌సెటిల్ అయ్యే సందర్భాలు చట్టం చేయాల్సినన్ని ఉన్నాయన్నమాట.

ఇన్ని అర్థాలు తెచ్చుకున్న మనం ఒక్కదాన్ని మాత్రం తెచ్చుకోలేదు. కోరుకున్నది దొరకనప్పుడు దొరికినదాంతో సరిపెట్టుకోవడాన్ని కూడా ఇంగ్లీషువాళ్ళు ఈ మాటతోనే చెప్తారు. అక్కడ ఒక అమ్మాయి పెళ్ళి గురించి ‘సెటిల్ అయిపోయింది’ అంటే, మాట వెనక వచ్చే చిన్న ముక్క ‘డౌన్’ అయితే అభినందన అవ్వొచ్చు, ‘ఫర్’ అయితే జాలి అవ్వొచ్చు. మనం అభినందన ఉంచుకుని జాలిని అక్కడే వదిలేశాం. దానికి ‘సర్దుకుపోవడం’, ‘అడ్జస్ట్ అవ్వడం’ అని వేరే మాటలు పెట్టుకున్నాం. అందువల్ల ఏం జరిగిందంటే, సెటిల్ అవ్వడం వేరు, సర్దుకుపోవడం వేరు అని నమ్మగలుగుతున్నాం. ఫొటోగ్రఫీ వదిలేసి టెస్టింగ్‌లో చేరినవాడు, ఊళ్ళో వ్యవసాయం మీద మనసుండి మియాపూర్‌లో ఉండిపోయినవాడు, ‘మంచి సంబంధం’ అని తలూపిన అమ్మాయి, అందరూ మన వాక్యాల్లో సెటిల్ అయినవాళ్ళే. సర్దుకుపోయారని ఎవరం అనం. ఆ ఒక్క అర్థం కూడా దిగుమతి చేసుకుని ఉంటే, ‘సెటిల్ అయ్యావా?’ అని అడిగేముందు ఒక్క క్షణమైనా ఆగేవాళ్ళమేమో.

దీనికి మా నాన్న తరం జవాబు నాకు తెలుసు. వానమీద ఆధారపడ్డ పొలం, వడ్డీకి తెచ్చిన విత్తనం, ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఇల్లు చూసి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఒకటో తారీఖున జీతం పడుతుందన్న భరోసా వాళ్ళకు భోగం కాదు, భయం పోవడం. ‘సెటిల్ అయ్యాడా?’ అని వాళ్ళు అడిగేటప్పుడు ‘వాడికి ఆకలి భయం పోయిందా?’ అని అడుగుతున్నారు. ఆ అర్థంలో అడిగితే నాకు పేచీ లేదు, చేతులెత్తి మొక్కుతాను. కానీ గచ్చిబౌలిలో మూడు బెడ్‌రూముల ఫ్లాటున్న మావయ్య, నానక్‌రామ్‌గూడలో ఆఫీసున్న అల్లుణ్ణి అదే ప్రశ్న అడిగితే అందులో ఆకలి భయం లేదు. అది కొలత. ఆ కొలబద్ద వేలం పాటలా ఏటా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు నన్ను గుచ్చే అర్థానికొస్తాను. సెటిలర్.

మా అమ్మానాన్నలు తెనాలి వైపు నుంచి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, కేపీహెచ్‌బీలో పెరిగాను, నా తెలుగులో గుంటూరు ఎంతుందో, ‘నక్కో’, ‘హౌలే’ కూడా అంతే ఉన్నాయి. అయినా కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినా, అసెంబ్లీ ఎన్నికలు వచ్చినా పేపర్లో మేం ‘సెటిలర్ల ఓట్లు’. సెటిలర్లు ఎటు? సెటిలర్లు కీలకం. బంధువులు అడిగినప్పుడు ఎప్పటికీ సెటిల్ కానివాణ్ణి, ఎన్నికలప్పుడు మాత్రం పుట్టుకతోనే సెటిలర్ని.

ఇంగ్లీషులో సెటిలర్ అంటే మరీ ఘోరమైన చరిత్ర ఉంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థానికుల్ని తరిమి నేల ఆక్రమించినవాళ్ళకు ఆ పేరు. మన దగ్గర ఆ మాట చేరింది కాలువల వెంట. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి పండించడానికి కృష్ణా, గుంటూరు రైతులు నిజామాబాద్ వైపు వచ్చి భూములు కొన్నారు. తర్వాత తుంగభద్ర కింద కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి ‘క్యాంపులు’ వేసుకున్నారు. వాళ్ళు కొనుక్కున్నారు, ఆక్రమించలేదు అన్నది ఒక పక్క నిజం. అమ్మినవాళ్ళకు ఆ నేల విలువ కాలువ వచ్చాక ఏమవుతుందో తెలియదన్నది ఇంకో పక్క నిజం.

ఉద్యోగాల విషయంలో తెలంగాణవాళ్ళ కోపానికి కారణం ఉంది, దాన్ని నేను కాదనను. 1952లోనే, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టక ముందే, దొంగ ముల్కీ (స్థానికుడన్న) సర్టిఫికెట్లతో బయటివాళ్ళు ఉద్యోగాలు పట్టేస్తున్నారని విద్యార్థులు రోడ్డెక్కారు, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1969 అందరికీ తెలుసు. ఆ కోపం లేకపోతే 2014 లేదు. నేనడిగేది వేరు: ఆ అన్యాయానికి పేరు పెట్టడానికి వాడిన మాట, అన్యాయం ఎరగని పిల్లల మీద కూడా ఎన్నాళ్ళుంటుంది?

ముల్కీ నిబంధనలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. 1919లో నిజాం ప్రభుత్వం తెచ్చినవి. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్ళు రాజ్యంలో స్థిరంగా నివసించాలి. అంతటితో అయిపోదు. తన పాత ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని అఫిడవిట్ రాసి, మేజిస్ట్రేటుతో సంతకం చేయించాలి. కాలానికి లెక్క ఉంది, సరే. మనసులో ఊరు చచ్చిపోయిందని ప్రమాణం కూడా కావాలి! ఆ అఫిడవిట్ మా నాన్నకిస్తే పదిహేనేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళయినా నిజాయితీగా సంతకం పెట్టలేడు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటల కొద్దీ ఆగి మరీ తెనాలి వెళ్ళే మనిషి. ఆయన ఇల్లు ఇక్కడ, పన్ను ఇక్కడ, ఆసుపత్రి ఇక్కడ, స్నేహితులు ఇక్కడ. ఊరు మాత్రం అక్కడ. నల్లగొండ నుంచో సిద్దిపేట నుంచో వచ్చినవాళ్ళకూ అంతే, బతుకమ్మ వస్తే వాళ్ళ కాలనీలు ఖాళీ. వాళ్ళని ఎవరూ సెటిలర్లు అనరు, అనకూడదు కూడా.

పైగా ఈ నగరంలో వచ్చినవాళ్ళు కానివాళ్ళెవరు? నగరానికి నక్షా వేశాడని చెప్పుకునే మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చాడు. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల బ్యారక్సే ఇవాళ్టి బార్కస్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు ఏసీ గార్డ్స్, అక్కడ వాళ్ళ వారసులు ఉన్నారు, మార్ఫా వాయిస్తారు, పెళ్ళిళ్ళలో మనం గంతులేస్తాం. వాళ్ళెవరినీ నగరం సెటిలర్ అని పిలవలేదు. పేరు పెట్టి, గల్లీ ఇచ్చి, ఊరుకుంది.

ఇప్పుడు తెలంగాణలో ఉద్యోగానికి ‘లోకల్’ ఎవరన్నది 2018 రాష్ట్రపతి ఉత్తర్వు తేల్చేసింది: ఒకటి నుంచి ఏడో తరగతి లోపల కనీసం 4 ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మా అమ్మానాన్నల ఊరు అడగదు. ఓటు సంగతి ఇంకా తేలిక. ఊరి విషయంలో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ‘మామూలుగా ఇక్కడ నివసిస్తున్నాడా’ అని ఒక్కటే చూస్తుంది. 20వ సెక్షన్ ప్రకారం, ఆ నియోజకవర్గంలో సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయిపోడు. కొన్నాళ్ళు వేరే చోటికి వెళ్ళొచ్చినంత మాత్రాన నివాసి కాకుండానూ పోడు. అంటే విల్లా కొన్నామన్న ధీమా చెల్లదు, సంక్రాంతికి తెనాలి వెళ్ళాడన్న అనుమానమూ చెల్లదు.

మరి పేపర్లు ఏ చట్టం చూసి ‘సెటిలర్ల ఓట్లు’ అని రాస్తున్నాయి? ఓటర్ల జాబితాలో ఆ పేరుతో గడి లేదు. డివిజన్ పేరు ఉంది, పోలింగ్ బూత్ నంబరు ఉంది, వయసు ఉంది. ‘కూకట్‌పల్లి ఓటర్లు ఎటు?’ అని రాస్తే హెడ్డింగ్‌లో రెండు అక్షరాలు తగ్గుతాయో పెరుగుతాయో సబ్ ఎడిటర్లు లెక్కేసుకోవాలి. వచ్చే కార్పొరేషన్ ఎన్నికల లోపు ఎవరైనా ఒక్క పేపరువాళ్ళు చేసి చూపిస్తే, చందా కట్టడానికి నేను సిద్ధం.